నక్కబావ తోకకు నల్లరంగు!

అమీర్‌పేట చౌరస్తాలో బస్సు దిగి నాలుగడుగులు వేసేలోపు చేతిలో ఏదో ఒక కరపత్రం పడుతుంది. జావా, పైథాన్‌, టెస్టింగ్‌, స్పోకెన్‌ ఇంగ్లిష్‌... పేరేదైనా ‘కొద్దిరోజుల్లో నేర్పేస్తాం’ అన్నదే సారాంశం. పెద్దవాళ్లు దాన్ని ఓసారి చూసి జేబులో కుక్కేస్తారు. లేదంటే మెట్రో మెట్ల దగ్గరే వదిలేస్తారు. అదే కాగితాన్ని నాలుగేళ్ల పిల్ల చేతికిచ్చి చూడండి. నాలుగు మడతలు, రెండు చెవులు, రెండు కళ్లు... నక్కబావ తయార్‌!

1990ల నుంచి సాఫ్ట్‌వేర్‌ శిక్షణకు పేరుపడిన పేట ఇది. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్‌ చుట్టుపక్కల భవనాలకు గోడలకన్నా బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. కొవిడ్‌ తర్వాత చాలా కోర్సులు ఆన్‌లైన్‌ బాట పట్టినా ఆ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ బోర్డులు దాటి లోపలి సందుల్లోకి వెళితే ఇంకోరకం బళ్లు పలకరిస్తాయి. అటు ఎస్‌.ఆర్‌.నగర్‌, బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ... ఇటు పంజాగుట్ట వైపు ద్వారకాపురి, శ్రీనగర్‌ కాలనీ. అపార్ట్‌మెంట్ల కింది అంతస్తుల్లో, పాత ఇళ్ల వరండాల్లో నడిచే ప్లేస్కూళ్లు అవి. గేటు మీద ఏనుగు, గోడ మీద జిరాఫీ, తలుపు మీద ఎలుగుబంటి. అక్కడి విద్యార్థుల వయసు రెండున్నర నుంచి ఆరేళ్లలోపే.

ఆ చిన్న బళ్లలో అక్షరమాల ‘ఎఫ్‌’ దాకా వచ్చేసరికి నక్క వస్తుంది. ఇంటికి ఓ చీటీ కూడా వస్తుంది. ‘రేపు నారింజరంగు చార్టు, తెల్ల కాగితం, దూది పంపండి’ అని. రాత్రి తొమ్మిదింటికి నాన్న బండి తీసుకుని స్టేషనరీ దుకాణానికి పరుగెత్తుతాడు. మర్నాడు సాయంత్రానికి నారింజరంగు ఒళ్లు, తెల్లటి బుగ్గలు, తోక చివర దూదితో ముద్దొచ్చే నక్క ఒకటి ఇంటికొస్తుంది. ఫ్రిజ్‌ తలుపు మీదికి ఎక్కుతుంది.

చూసిన తాతయ్యకే ఓ సందేహం... ‘నక్క ఇలా ఉంటుందట్రా?’

తాతయ్య అనుమానం అక్షరాలా నిజం!

ఆ నారింజ నక్క ఎక్కడిది?

బొమ్మల పుస్తకాల్లో కనిపించే నారింజరంగు నక్క యూరప్‌, ఉత్తర అమెరికా, ఆసియాల్లో చలిదేశాలన్నిటా తిరిగే ఎర్రనక్క. మనదేశంలోనూ ఉంది కానీ హిమాలయాల్లోనూ, రాజస్థాన్‌, కచ్‌ల ఎడారి ప్రాంతాల్లోనూ. దాని తోక చివర తెల్లగా ఉంటుంది. అక్కడి పిల్లలకు అది పెరట్లోకి వచ్చిపోయే జంతువు. లండన్‌ వీధుల్లో రాత్రిపూట చెత్తడబ్బాలు వెతికేదీ అదే. కాబట్టి వాళ్ల బడుల్లో నారింజ కాగితంతో నక్కను చేయిస్తారు. ఆ నమూనాలే పుస్తకాల్లో, వర్క్‌షీట్లలో, వీడియోల్లో ప్రయాణించి పంజాగుట్ట దాకా వచ్చాయి.

తెలుగునేల మీది నక్క వేరు. దాని పేరు గుంటనక్క. హిమాలయాల పాదాల నుంచి దక్షిణాది చివరిదాకా, కేవలం భారత ఉపఖండంలోనే కనిపించే జంతువిది. ప్రపంచంలో మరెక్కడా లేదు. బూడిదా గోధుమా కలిసిన ఒళ్లు. సన్నటి కాళ్లు. నిక్కబొడుచుకున్న పెద్ద చెవులు. ఒంటి పొడవులో సగానికి పైగా ఉండే కుచ్చుతోక. ఆ తోక చివర... నలుపు! బరువు రెండు నుంచి నాలుగు కిలోలు. అంటే బాగా పెరిగిన పెంపుడు పిల్లి బరువే. నారింజ చార్టు బదులు పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్‌ పేపరు, దూది బదులు నల్ల క్రేయాను... ఈ రెండూ మారిస్తే చాలు, ఫ్రిజ్‌ మీది నక్క మన ఊరిదవుతుంది.

రంగు మారితే ఏమవుతుంది, చిన్నపిల్లల ఆటే కదా అనిపించొచ్చు. కానీ మూడేళ్ల వయసులో చేతులతో చేసిన బొమ్మే మనసులో ఆ జంతువుకు మొదటి రూపం. తర్వాత ఎప్పుడో ఊరికి వెళుతున్నప్పుడు కారు దీపాల వెలుగులో బూడిదరంగు జంతువొకటి రోడ్డు దాటితే ‘అదిగో నక్క’ అనాలంటే ఆ రూపం ముందే పరిచయమై ఉండాలి. లేదంటే అది ‘ఏదో కుక్క’ అయిపోతుంది.

నక్కా... గుంటనక్కా?

ఇక్కడే భాషకు సంబంధించిన చిక్కొకటి ఉంది. ఇంగ్లిష్‌లో ఫాక్స్‌, జాకాల్‌ వేర్వేరు జంతువులు. తెలుగులో రెంటినీ కలిపి ‘నక్క’ అనేయడం అలవాటు. పొలిమేరల్లో రాత్రిళ్లు గుంపుగా ఊళలు పెట్టేది జాకాల్‌. కుక్కంత ఉంటుంది, ఎనిమిది నుంచి పదకొండు కిలోల దాకా తూగుతుంది. పంచతంత్రంలో సింహానికి మంత్రులుగా ఉన్న కరటక దమనకులు ఈ జాతివే. ఆ కథలు ఎనిమిదో శతాబ్దంలో అరబ్బీలోకి వెళ్లినప్పుడు పుస్తకం పేరే ‘కలీలా వ దిమ్నా’ అయింది. ఆ పేర్లు ఈ ఇద్దరు మంత్రులవే. ద్రాక్షపళ్లు అందక పుల్లనివన్న ఈసపు కథలోది మాత్రం ఫాక్స్‌. రెండు దేశాల రెండు జంతువులు తెలుగు కథల్లోకి వచ్చేసరికి ఒకే నక్కబావగా కలిసిపోయాయి.

గుంటనక్క అన్న మాటను తిట్టుగా వాడేస్తాం కానీ ఎంత చక్కటి పేరది! గుంటలో ఉండే నక్క గుంటనక్క. నేలను తవ్వి బొరియ చేసుకుంటుంది. ఆ బొరియకు ఒకటి కాదు, చాలాచోట్ల ద్వారాలుంటాయి. ఒకవైపు నుంచి ప్రమాదం వస్తే ఇంకోవైపు నుంచి జారుకోవడానికి. చలికాలం చివర, వేసవి మొదట్లో రెండు నుంచి నాలుగు పిల్లలు పుడతాయి. అమ్మా నాన్నా కలిసే పెంచుతాయి. ‘దీన్ని గుంటనక్క అని ఎందుకంటారో చెప్పుకోండి చూద్దాం?’ అని అడిగి, జవాబు వచ్చేలోగా ఓ అట్టపెట్టె చేతికిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

చౌరస్తా నుంచి చౌరస్తాకు సరంజామా

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్కటే స్టేషను. మియాపూర్‌ - ఎల్బీనగర్‌ మార్గం, నాగోల్‌ - రాయదుర్గం మార్గం ఒకదాన్నొకటి దాటేది అమీర్‌పేటలోనే. అక్కడ మొదటి రైళ్లు నడిచింది 2017 నవంబరులో. ఓపికుంటే ఆ దూరం నడిచే వెళ్లొచ్చు. నక్కను చేయడానికి కావలసినవన్నీ ఈ దారిలోనూ, చుట్టుపక్కల వీధుల్లోనూ దొరుకుతాయి. చాలావాటికి డబ్బులు కూడా అక్కర్లేదు.

మొదటిది కాగితం. కరపత్రాలు ఎలాగూ చేతికొస్తాయి. ఒకవైపు తెల్లగా ఉన్నవి దాచిపెడితే చాలు. కోచింగ్‌ నోట్సులు తీసే జిరాక్స్‌ దుకాణాల్లో పాడైపోయిన ప్రింట్లు కట్టలుకట్టలుగా పక్కన పెడతారు. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. బ్రౌన్‌ పేపరు, జిగురు, క్రేయాన్లు అక్కడే పక్క దుకాణంలో ఉంటాయి.

రెండోది బొచ్చు. దూది తెల్లగా ఉంటుంది కాబట్టి మన నక్కకు పనికిరాదు. కొబ్బరి పీచును మించింది లేదు. బల్కంపేట ఎల్లమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టొచ్చిన రోజున ఆ పీచును పారేయకుండా తెచ్చుకోండి. గుంటనక్క ఒంటిరంగు దాదాపు అదే! పీచును వేళ్లతో విప్పి, దువ్వి, తోకకు అంటించడం నాలుగేళ్ల పిల్లలకు ఎంతో ఇష్టమైన పని. ముందుగా పెద్దవాళ్లు గట్టి పోగుల్ని తీసేస్తే గుచ్చుకోదు.

మూడోది గుడ్డ. ఈ రెండు పేటల్లోనూ బట్టల దుకాణాలకు, దర్జీలకు కొదవలేదు. మిషను కింద రాలిన గోధుమరంగు, బూడిదరంగు పీలికలు గుప్పెడు దొరికితే చెవులు, మెడ, పొట్ట సిద్ధం. జత పోయిన నాన్న ఆఫీసు సాక్సు ఒకటి ఉంటే ఇంకా మంచిది. చెయ్యి దూర్చి ఆడించే మాట్లాడే నక్క అయిపోతుంది.

నాలుగోది ఇల్లు. ఆన్‌లైన్‌లో కొన్నవాటితోపాటు వచ్చే అట్టపెట్టె ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాన్ని బోర్లించి మూడు వైపులా చేయి పట్టేంత రంధ్రాలు చేస్తే గుంటనక్క బొరియ. రంగు కావాలా? టీ డికాషన్‌ పూయండి. ఆరాక మట్టిరంగు వస్తుంది, వాసన కూడా బాగుంటుంది!

జిగురు కొననవసరం లేదనుకుంటే చెంచాడు మైదాను నీళ్లలో కలిపి పొయ్యి మీద ఉడికించండి. ఒకప్పుడు గోడల మీద సినిమా పోస్టర్లు అంటించింది దీంతోనే. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో చెక్కిన కాళ్లూ చేతులూ ఒంటికి అతికేదీ ఇంట్లో చేసుకున్నదాంతోనే. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే దాన్ని మక్కు అంటారు. బొమ్మలు చేయడమన్నది తెలుగువాళ్లకు కొత్త విద్య కాదనడానికి అదొక గుర్తు.

మడత మీద మడత

నక్క మొహం చేయడం అయిదు నిమిషాల పని. కరపత్రం పొడవుగా ఉంటుంది కాబట్టి ముందు చదరం చేయాలి. పొట్టి అంచును పొడవు అంచు మీదికి మూలగా మడిచి, మిగిలిన పట్టీని కత్తిరించండి. ఆ పట్టీని పారేయొద్దు. తోక అదే!

అచ్చువేసిన వైపు లోపలికి పోయేలా చదరాన్ని మూల నుంచి మూలకు మడిస్తే త్రికోణం వస్తుంది. పొడవైన అంచు కిందికి, కొన పైకి ఉండేలా పెట్టండి. పై కొనను కింది అంచు మధ్యకు వచ్చేలా మడవండి. ఇప్పుడు కింది అంచు మధ్యలో వేలు నొక్కిపెట్టి కుడిమూలను ఏటవాలుగా పైకి, ఎడమమూలను ఏటవాలుగా పైకి మడవాలి. రెండు కొనలూ పై అంచును దాటి, ఒకదానికొకటి కాస్త ఎడంగా నిలబడాలి. అవే చెవులు. కాగితాన్ని తిప్పి చూడండి. కింద సూదిగా మూతి, పైన రెండు చెవులు! బ్రౌన్‌ క్రేయానుతో మొహం నింపి, కళ్లు పెట్టి, ముక్కు కొనకు నలుపు పూస్తే సరి. పట్టీకి కొబ్బరి పీచు అంటించి, చివర మాత్రం నల్లరంగు వేసి వెనకవైపు అతికించాలి.

అయితే అందరు పిల్లలకూ ఒకే పని చెప్పకూడదు. మూడేళ్ల వాళ్లకు మడతలు రావు. వాళ్లకు చింపడం ఇవ్వండి. బ్రౌన్‌ పేపరును గోరంత ముక్కలుగా చింపి, ముందే గీసిన నక్క బొమ్మ నిండా అంటిస్తారు. అడ్డదిడ్డంగా ఉంటుంది, ఉండనివ్వండి. బొటనవేలు, చూపుడువేలు కలిపి చింపేటప్పుడు పనిచేసే కండరాలే రేపు పెన్సిల్‌ పట్టుకునేవి. నాలుగేళ్లకు మడవటం, అయిదేళ్లకు మొండి కత్తెరతో గీత వెంట కత్తిరించడం. గుండీలు, పూసలు కళ్లుగా వాడాలనిపిస్తుంది కానీ చిన్నపిల్లలు నోట్లో వేసుకునే ప్రమాదం ఉంది. గీసిన కళ్లే మంచివి.

బొమ్మ పూర్తయ్యాక గోడకు తగిలించేస్తే ఆట సగంలో ఆగినట్టే. అట్టపెట్టె బొరియలో దాన్ని దాచి ‘నక్కబావ లోపలున్నాడా, బయటున్నాడా?’ అనడగండి. పైన, కింద, ముందు, వెనక... మాటలన్నీ వచ్చేస్తాయి. నాలుగు చిన్న మడతల పిల్లల్ని చేసి ఒకదాన్ని దాచి ‘ఎన్ని మిగిలాయి?’ అంటే లెక్కలు. చింతగింజలు, కాగితపు మిడతలు, కాగితపు రేగుపళ్లు పక్కన పెట్టి ‘వీటిలో నక్క ఏం తింటుంది?’ అంటే సైన్సు. గుంటనక్క మిడతలు, చెదపురుగులు, ఎలుకలు, తొండలు, పీతలు, పక్షి గుడ్లు తింటుంది. రేగుపళ్ల లాంటి పళ్లూ తింటుంది. పొలంలో ఎలుకల్ని తగ్గిస్తుంది కాబట్టి రైతుకు మేలు చేసేదే. రాత్రి కరెంటు పోతే మరో ఆట. మధ్యవేలు, ఉంగరం వేలు బొటనవేలికి ఆనించి, చూపుడువేలు, చిటికెనవేలు నిటారుగా లేపండి. టార్చి వెలుగులో గోడ మీద నక్క నీడ ఆవులిస్తుంది!

జిత్తులమారి ముద్ర

బొమ్మ చేయించే టీచరుకైనా, ఇంట్లో అమ్మమ్మకైనా తప్పనిసరిగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది... ‘అమ్మమ్మా, నక్క చెడ్డదా?’

మన మాటల్లో నక్కకు మంచిపేరు తక్కువ. నక్కజిత్తులు, నక్కవినయాలు, గుంటనక్క వేషాలు... అన్నీ నిందలే. ఒక్కటే మినహాయింపు. ఎవరికైనా అనుకోని అదృష్టం పడితే ‘నక్కతోక తొక్కొచ్చావా?’ అంటాం. చిత్రమేమిటంటే నిజం నక్కకు ఎక్కువ హాని చేసింది ఆ మెచ్చుకోలే. నక్క కొమ్ము దగ్గరుంటే కలిసొస్తుందన్న నమ్మకంతో దాన్ని వేలకు వేలు పోసి కొనేవాళ్లున్నారు. నక్కకు కొమ్ముండదు. ఎముకనో చర్మం ముక్కనో వెంట్రుకలతో చుట్టి కొమ్మని అంటగట్టే మోసమది. తమిళనాట సేలం జిల్లా వాళప్పాడి ప్రాంతంలో సంక్రాంతికి నక్క మొహం చూస్తే మంచిదని వలలు వేసి పట్టి ఊరేగించే ఆచారం ఉండేది. అటవీశాఖ దాన్ని నిషేధించి జరిమానాలు వేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కను వేటాడటం, దాని భాగాలు అమ్మడం నేరం.

అంటే జిత్తులమారి మనిషే, పేరు మాత్రం నక్కకు!

అలాగని కథలు మానేయాల్సిన పనిలేదు. నీలిరంగు తొట్టిలో పడి అడవికి రాజైన నక్క కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా తనివితీరదు. బ్రౌన్‌ పేపరు నక్క మీద నీలం వాటర్‌కలర్‌ నీళ్లు కుంచెతో పూయించి, ఆ కథ చెప్పండి. తోటినక్కల ఊళ వినగానే ఆగలేక తానూ ఊళపెట్టి దొరికిపోయిన ఘట్టం దగ్గర క్లాసు మొత్తం ఊళ పెడుతుంది. పక్క ఫ్లాట్ల వాళ్లు ఓ నిమిషం ఓర్చుకోవాలి. తర్వాత అడగాల్సింది ‘నీతి ఏమిటి?’ అని కాదు. ‘ఆ నక్క ఎందుకు పరుగెత్తింది? దానికి ఎందుకు భయమేసింది?’ అని. కుక్కలు తరిమితే పారిపోయి తొట్టిలో పడింది కదా! మూడేళ్ల పిల్లలకు మోసం అన్నది పెద్దమాట. ఆకలి, భయం, అమ్మ... ఇవి బాగా తెలుసు. నక్కకూ అవన్నీ ఉంటాయని తెలిస్తే కథ కథగానే ఉంటుంది, జంతువు జంతువుగా మిగులుతుంది.

క్రాష్‌కోర్సు కుదరని వయసు

‘పొద్దస్తమానం కాగితాలు చింపిస్తున్నారు, రాయడం ఎప్పుడు నేర్పుతారు?’ ప్లేస్కూలు గేటు దగ్గర తల్లిదండ్రులు అడిగే మాట ఇది. అమీర్‌పేటలో ఆ ఆత్రం అర్థం చేసుకోదగ్గదే. పరీక్ష, కోర్సు, ఉద్యోగం... చుట్టూ కనిపించేదంతా పరుగే. ఒకప్పుడు హాస్టల్‌ గదిలో ఉండి ఇక్కడే కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకుని, ఇక్కడే కాపురం పెట్టిన తల్లిదండ్రులకు ఆ పరుగు విలువ తెలుసు. కానీ మూడేళ్ల వేళ్లకు క్రాష్‌కోర్సు లేదు.

ఈ మాట కొత్తదీ కాదు. జర్మనీలో ఫ్రోబెల్‌ 1837లో బాడ్‌ బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల కోసం బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్‌ అని పేరుపెట్టాడు. పిల్లల తోట అని అర్థం. కాగితాలు మడవటం, కత్తిరించడం, అల్లడం ఆయన పాఠాల్లోనే ఉన్నాయి. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం తెరిచి ఆటపాటలతో చదువు చెప్పారు. మరియా మాంటిసోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల ఆగిపోయి ఏళ్లతరబడి ఇండియాలోనే ఉన్నారు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్‌తో అంగన్‌వాడీలు వచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అంది. ఆ దశకోసం 2022 అక్టోబరులో ప్రత్యేక పాఠ్యప్రణాళిక చట్రం, 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, తోలుబొమ్మలు, ఆటకార్డులతో ‘జాదూయీ పిటారా’ అనే పెట్టె వచ్చాయి. అన్నిటి సారం ఒక్కటే. ఈ వయసులో ఆటే చదువు.

అంగన్‌వాడీ అయినా, ఏసీ ప్లేస్కూలు అయినా కాగితపు నక్కకు తేడా లేదు. నిజానికి పాత కాగితం, కొబ్బరి పీచు, మైదా జిగురుతో చేసే పని కాబట్టి ఫీజు కట్టలేని ఇంట్లోనూ అదే నక్క పుడుతుంది. కిట్‌ పేరుతో వందలు పోసి కొన్న ప్లాస్టిక్‌ కళ్ల నక్కకన్నా ఒకింత అందంగానే!

పిల్లలు కాస్త పెద్దయ్యాక ఈ సరదా కొనసాగాలంటే అమీర్‌పేట నుంచి మెట్రోలోనే అసెంబ్లీ స్టేషను దాకా వెళ్లొచ్చు. అక్కడికి దగ్గర్లో పబ్లిక్‌ గార్డెన్స్‌లో జవహర్‌ బాలభవన్‌ ఉంది. బొమ్మలు, చిత్రలేఖనం, సంగీతం, నాట్యం పిల్లలకు నేర్పే చోటు అది.

గడ్డి ఎక్కడుంటే నక్క అక్కడ

బొమ్మ చేశాక పిల్లలు అడిగే చివరి ప్రశ్న... ‘నిజం నక్కను చూపించవా?’

పంజాగుట్ట పేరులో గుట్ట ఉంది. ఇర్రం మంజిల్‌ ప్యాలెస్‌ ఉన్నది కూడా గుట్టమీదే. 1870 ప్రాంతంలో నవాబు ఫక్రుల్‌ముల్క్‌ కట్టించిన ఆ భవనాన్ని కూల్చి కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. భవనం మిగిలింది కానీ చుట్టూ ఉన్న గుట్టలు, తుప్పలు ఎప్పుడో కాలనీలయ్యాయి. అక్కడికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం మాత్రం పాత నేల ఎలా ఉండేదో చూపిస్తుంది. 1998లో జాతీయ ఉద్యానమైన ఈ అడవిలో రాళ్లు, ముళ్లపొదలు, నెమళ్లు ఉన్నాయి. పిల్లలకు పుట్ట అంటే ఏమిటో, బొరియ అంటే ఏమిటో చూపించడానికి ఆదివారం పొద్దున అక్కడ నడిస్తే చాలు.

గుంటనక్కకు మాత్రం దట్టమైన అడవి గిట్టదు. పొట్టిగడ్డి మైదానాలు, అక్కడక్కడా పొదలు ఉన్న బీళ్లు కావాలి. అలాంటి నేల చూడాలంటే నంద్యాల జిల్లా రోళ్లపాడు వెళ్లాలి. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం అది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. కృష్ణజింకలు, తోడేళ్లతోపాటు గుంటనక్కలకూ నెలవు. బాంబే నేచురల్‌ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు రంజిత్‌ మనకడన్‌, అసద్‌ రహ్మానీ అక్కడి గుంటనక్కల సంఖ్య, జీవన విధానాల మీద చేసిన అధ్యయనం 2000 సంవత్సరంలో అచ్చయింది. అంటే ఈ జంతువు గురించి దేశానికి తెలిసినదాంట్లో కొంత తెలుగుగడ్డ మీదే తెలిసింది. మన పిల్లల పుస్తకాల్లోకే ఇంకా రాలేదు!

ప్రపంచ లెక్కల్లో గుంటనక్క అంతరించేదశలో లేదు. కానీ సంఖ్య తగ్గుతోందని అవే లెక్కలు చెబుతున్నాయి. గడ్డిభూమిని రికార్డుల్లో బంజరు అని రాసుకున్నాం. బంజరు కాబట్టి ప్లాట్లు వేయొచ్చు, తోటలు పెంచొచ్చు, తవ్వొచ్చు అనుకున్నాం. ఊరకుక్కల నుంచి సోకే డిస్టెంపర్‌ లాంటి జబ్బులు మరో దెబ్బ. పులికి, ఏనుగుకు ఉన్నంత మంది అభిమానులు నక్కకు లేరు. జిత్తులమారికి అభిమానులెందుకుంటారు?

అందుకే ఆ కాగితపు తోక చివర నల్లరంగుకు అంత విలువ. అది తెలిసిన పిల్లకు బీడుభూమి ఖాళీస్థలంలా కనిపించదు, ఎవరిదో ఇల్లులా కనిపిస్తుంది. ఈసారి చీటీలో ‘నారింజరంగు చార్టు’ అని వస్తే టీచరమ్మకు నవ్వుతూ ఓ మాట చెప్పండి. ‘మా బుజ్జిదానికి బ్రౌన్‌ పేపరు ఇచ్చి పంపుతున్నామండీ, మన నక్క ఆ రంగులోనే ఉంటుందట’ అని. క్లాసులో ముప్ఫై నారింజ నక్కల మధ్య ఒక్క గుంటనక్క ఉన్నా, మిగతా ముప్ఫై మంది ‘అదేంటి?’ అని అడుగుతారు. చెప్పడానికి మీ బుజ్జిది ఉంటుంది.